బంతి మధ్యలో లేచినవాడు

నాకు జరిగిన అవమానాలు నేను మర్చిపోను. హిందూపురంలో రెండో తరగతిలో నాకు రావలసిన బహుమతి పలకను పక్క పిల్లవాడికి ఇచ్చిన ఉపాధ్యాయుడు ఆ రోజు ఏ రంగు కోటు వేసుకున్నాడో ఇప్పటికీ చెప్పగలను. పెనుకొండ స్టేషనులో నన్ను "జరుగు" అన్న మనిషి చెంప మీద పుట్టుమచ్చ ఏ వైపు ఉందో చెప్పగలను. మా ఇంట్లోవాళ్లు దీన్ని రోగమంటారు. నేను జ్ఞాపకశక్తి అంటాను.

అలాంటివాణ్ణి నేను ఒక వంటాయనకు కృతజ్ఞత చెప్పుకోవాలని ఈ నాలుగు కాగితాలు రాస్తున్నాను. ఆయన బతికుండగా ముఖాముఖి చెప్పలేకపోయాను. మర్యాద అంటే ఏమిటో, పని నాణ్యంగా చేయడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే. అయితే ఆయన మనుషుల వల్ల నాకు జరిగిన అన్యాయం ముందు రాస్తాను. అది రాయకుండా దాటిపోతే మిగిలినది నిజమనిపించుకోదు.

యుద్ధం రోజులు. నేను పెనుకొండలో చిన్న బళ్లో అయ్యవారిగా ఉన్నాను. సొంత ఊరు హిందూపురం. మా నాయన అక్కడ బెల్లం మండీలో గుమాస్తా. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నా భార్యది ధర్మవరం. మా మామగారికి ఇంట్లో రెండు మగ్గాలు, పట్టుచీరలు నేసేవారు. పెళ్లయిన రెండో ఏడు మా బావమరిది పెళ్లి వచ్చింది. అప్పటికి నా భార్యకు మూడో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని రెండు ఇళ్లలోనూ అనుకున్నారు. మా ఇంట్లో ఆడదిక్కు లేదు కాబట్టి వేరే దారి కూడా లేదు.

పెళ్లి భోజనాలు వీధిలోనే పెట్టారు. పొద్దున పూట మగ్గాల కోసం పడుగు దారాలు సాగదీసే వీధి అది. సూటిగా, ఊడ్చినట్టు శుభ్రంగా ఉంటుంది. పైన చప్పరం వేసి, కింద చాపలు పరిచి, ఒక్కొక్క బంతికి నలభై మందిని కూర్చోబెట్టారు. ఇంటి అల్లుణ్ణి నేను. తల దగ్గర కూర్చోబెడతారనుకున్నాను. మధ్యలో చోటు చూపించారు. సరే అని కూర్చున్నాను, కానీ మనసులో రాసుకున్నాను.

మా వైపు బంతికి ఒక కట్టు ఉంది. వరుసలో అందరికంటే పెద్దాయన ముద్ద ముట్టేదాకా ఎవరూ ముట్టరు. ఆయన లేచేదాకా ఎవరూ లేవరు. మధ్యలో ఒక్కడు లేచినా, ఇక ఆ వరుసలో కూర్చుని తినడం ఎంగిలి తినడం కిందే లెక్క. అందరూ చేతులు కడుక్కోవలసిందే. ఆ రోజు మా బంతికి తల దగ్గర మా మామగారి చిన్నాయన కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. అదే వీధి చివర ఇల్లు.

చిత్రాన్నం వచ్చింది, పప్పు వచ్చింది. తర్వాత ఓళిగలు వచ్చాయి. బియ్యం, చక్కెర, అన్నీ రేషను కార్డు మీద తెచ్చుకుంటున్న రోజుల్లో, పూర్ణం నిండా పెట్టి పలచగా కాల్చిన ఓళిగలు. వడ్డించే మనిషి గంప పట్టుకుని ఒక్కొక్క ఆకులో రెండేసి వేసుకుంటూ వచ్చాడు. నా పక్కాయన ఆకులో వేశాడు. గంప ఖాళీ అయింది. అతను వంటల దగ్గరికి వెళ్లి, నిండు గంపతో తిరిగి వచ్చి, నన్ను దాటి అవతలి ఆకు నుంచి మొదలుపెట్టాడు.

నేను పిలవలేదు. అడిగి పెట్టించుకోవడం నా వల్ల కాదు. చూస్తారులే అని కూర్చున్నాను. ఎవరూ చూడలేదు. తర్వాత నెయ్యి తెచ్చినవాడు నా ఆకు దగ్గర ఆగి, గరిటె ఎత్తిపట్టుకుని, "ఓళిగ యాడప్పా?" అన్నాడు.

ఎదురు వరుసలో ఒక మనిషి ఉన్నాడు. పెళ్లికూతురి తరఫు బంధువు. అతను వెంటనే అందుకున్నాడు.

"ఆయనది బెల్లం వూరు గదబ్బా. ఓళిగలు వాళ్లింట్లో దూడలు తింటాయి. మనమేం పెడతాం ఆయనకు."

నవ్వారు. మా బావమరిది స్నేహితులు ఇద్దరు మరీ గట్టిగా నవ్వారు. నేను లేచాను.

కట్టు తెలియక లేచానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. తెలిసే లేచాను. నాకు పెట్టని ఓళిగ ఇంకెవరూ తినకూడదన్నది ఆ నిమిషంలో నా మనసులో స్పష్టంగా ఉంది.

నవ్వు ఆగిపోయింది. తల దగ్గర పెద్దాయన నా వైపు చూసి, పక్కవాడి భుజం పట్టుకుని లేచాడు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మా మామగారు చెంబుతో నీళ్లు తెచ్చి, "కడుక్కో అప్పా" అని నా చేతి మీద పోశారు. నలభై ఆకుల అన్నం గంపలకెత్తారు. ఆ పూట ఆ వీధి ఎద్దులు ఓళిగలు తిన్నాయి.

రైలెక్కి పెనుకొండ చేరాం. ఇంటికి వచ్చి దీపం వెలిగించాక నేనే అన్నాను, నాకు ఓళిగ పెట్టలేదని.

"పెట్టలే. ఒప్పుకుంటా. నవ్వినారు, అదీ ఒప్పుకుంటా. దానికి నలభై మంది నోటికాడ కూడు తీసినావు నువ్వు."

"మీవాళ్లు ఒక్కరైనా నన్ను ఆపారా?"

"ఆపేదానికి నువ్వు చెప్పి లేస్తివా?" అని, వత్తి ఎగదోసి, "కాన్పుకు నేను ఆడికి పోను" అంది.

"ఎందుకు పోవు? వాళ్లు నిన్నేమీ అనలేదు కదా."

"అనలేదు గాబట్టే. అనింటే నేనూ రెండు మాటలని, ఏడ్చి, పోయిందును. ఇప్పుడేమని పోయేది? ఆ ఇంటి బంతిలో నువ్వు కూచ్చుని, కడదాకా తిని, అందరితోబాటు లేసిన దినం పోతా. లేకుంటే ఈడనే కంటా. మంత్రసానిని నువ్వే ఎతుక్కో."

మొండితనంలో నేనే గొప్ప అనుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి అలా అనుకోవడం మానేశాను. వాళ్లు వచ్చి తప్పయిందంటే వెళదామన్నాను. నేను ధర్మవరానికి ఒక పోస్టుకార్డు రాశాను. కూర్చోబెట్టిన చోటు, దాటిన ఆకు, గరిటె ఎత్తిపట్టిన తీరు, నవ్విన మనుషులు, అన్నీ వరుసగా రాశాను. చోటు చాలక రెండో కార్డు కూడా రాశాను. మామగారి దగ్గర నుంచి వారానికి జవాబు వచ్చింది. ఇక్కడ అందరూ క్షేమం, వానలు లేవు, అమ్మాయిని ఎప్పుడు పంపుతారు, అని ఉంది. నేను రాసిన వాటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ఆ తర్వాత ఒక సాయంత్రం వంటాయన మా ఇంటికి వచ్చాడు. ధర్మవరం పెళ్లికి వంటా వడ్డనా ఒప్పుకున్నది ఆయనే. ఉండేది పెనుకొండలోనే, కొండ కిందివీధిలో. అరవై ఏళ్లుంటాయి. చేతుల మీద పొయ్యి మచ్చలు. గడప బయటే నిలబడ్డాడు. కూర్చోమని రెండుసార్లు చెప్పాక కూర్చున్నాడు.

"అయివారూ, ఆ పొద్దు ఓళిగ మీ ఆకు దాటిపోయింది నా తప్పు. అది చెప్పిపోదామని వచ్చినా."

"మీ తప్పెలా అవుతుంది? దాటించినవాడు వేరే ఉన్నాడు కదా."

"వాడు నా మనిషి. మా పనిలో ఒక కట్టుండాది. గంప ఖాళీ అయితే మనిషి ఆ ఆకుకాడనే నిలబడాల. నిండు గంప ఇంకొకడు తెచ్చియ్యాల. గంప నడస్తాది గానీ మనిషి కదలగూడదు. కదిలినాడంటే తిరిగొచ్చేటప్పుడు ఒకాకు తప్పుతాది. ఆ పొద్దు గంప తెచ్చేవోడు జరమొచ్చి పండుకున్నాడు. ఒకడు తక్కువని నాకు తెలుసు. తెలిసీ సర్దుకుంటాదిలే అనుకున్నా. అనుకోగూడదు."

నా జీవితంలో నేను చేసిన ఫిర్యాదుకు నేరుగా అందిన మొదటి సమాధానం అది. అవును తప్పే, ఇదీ కారణం, ఇది నాది అని ఒక మనిషి నా ఇంటికి నడిచి వచ్చి చెప్పాడు. అప్పుడు ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. అందుకని మిగిలిన ఫిర్యాదులు చెప్పడం మొదలుపెట్టాను. చిత్రాన్నంలో శెనక్కాయలు ఒక ఆకుకు ఎక్కువ, ఒక ఆకుకు తక్కువ పడ్డాయి. నీళ్లు పోసేవాడి కాలు చాప తొక్కింది. పప్పు గరిటె నుంచి ఒకాయన భుజం మీద చుక్క పడింది. నెయ్యి ఆలస్యమైంది. వంటాయన వేళ్లు మడుస్తూ అన్నీ విన్నాడు.

"నవ్వినోళ్లు మాత్రం నా మనుషులు గాదు. దానికి నేను జవాబు చెప్పలేను. కడమవన్నీ నావే" అన్నాడు. తర్వాత, "ఇన్ని కనిపెట్టినారే. నాకు ఆరుమంది మనుషులుండారు, ఒకడికీ ఒకటీ కనపడలే. వచ్చే వారం హిందూపురంలో ఒక పెండ్లి ఒప్పుకున్నా. వచ్చి బంతి తలకాడ నిలబడండి. ఏ ఆకులో ఏం తప్పిందో చూడండి. మీకంటే మంచి కన్ను నాకు యాడ దొరుకుతాది" అన్నాడు.

నన్ను ఎగతాళి చేస్తున్నాడేమోనని ముఖం చూశాను. చేయడం లేదు. లోపలి నుంచి నా భార్య అంది: "పో. ఇన్నాళ్లకు నీకు తగిన పని దొరికింది."

అది మాత్రం ఎగతాళే.

హిందూపురం పెళ్లి ఒక బెల్లం వ్యాపారి ఇంట్లో. బడికి సెలవు రోజు. కాగితం, పెన్సిలు జేబులో పెట్టుకుని తల దగ్గర నిలబడ్డాను. మొదటి బంతి సగం కాకుండానే తప్పు కనిపించింది. ఐదో ఆకులో పచ్చడి లేదు. నేను కేక వేశాను.

"ఏమప్పా, ఆ ఐదో ఆకుకు పచ్చడి పడలేదు."

బంతంతా ఐదో ఆకు వైపు తిరిగింది. ఆ ఆకు ముందున్న మనిషి, పాపం చిన్న రైతు, తల దించుకుని, "నేనే వద్దంటిని" అని గొణిగాడు. అనలేదని నాకు తెలుసు. పచ్చడి వడ్డించే కుర్రాడు కంగారుగా వచ్చి సగం నేల మీద ఒలికించాడు. వంటాయన వచ్చి నా మోచెయ్యి పట్టుకుని పొయ్యిల దగ్గరికి తీసుకుపోయాడు.

"మీరు చెప్పింది నిజమే. ఎవురికి చెప్పినారు?"

"వడ్డించేవాడికి."

"వానికొక్కనికే చెప్పినారా? బంతికంతా చెప్తిరి గదా. ఇంగ ఆ మనిషికి ముద్ద దిగుతాదా?"

ఆయన పచ్చడి గిన్నె చేతిలోకి తీసుకుని ఆ ఆకు దగ్గరికి వెళ్లాడు. వంగి, అందరికీ వినపడేలా, "అన్నా, నీకు నా చేత్తో పెట్టాలని నేనే ఆగమంటిని" అని వడ్డించాడు. రైతు తల ఎత్తాడు. పక్కవాళ్లు అతని వైపు చూసిన చూపు మారింది. వంటపెద్ద స్వయంగా వచ్చి పెట్టాడంటే ఎవరో కావలసినవాడు అనుకున్నారు.

నేను ఊరుకోలేదు. తిరిగి రాగానే అడిగాను, అది అబద్ధం కదా అని.

"అబద్ధమే. తప్పింది నిజమే. ఆ నిజం మనం గిన్నెలు తోమేటప్పుడు పొయ్యికాడ చెప్పుకుందాం. ఆకు ముందర వొద్దు."

భోజనాలన్నీ అయ్యాక ఆయన తన మనుషులను పొయ్యిల చుట్టూ కూర్చోబెట్టి నన్ను కాగితం చదవమన్నాడు. పదకొండు తప్పులు రాసుకున్నాను. ఒక్కటి చదవగానే ఎవరిదో వాళ్లు "నాదే" అనేవారు. ఎందుకు జరిగిందని ఆయన అడిగేవాడు. తిట్టేవాడు కాదు. పప్పు గరిటె కారుతున్నదంటే, గరిటె ఎత్తేముందు గిన్నె అంచుకు ఒకసారి తగిలించమన్నాడు. లేచి తానే చేసి చూపించాడు. కూర వేడిగా రావడం లేదంటే, పెద్ద గిన్నె నుంచి చిన్న గిన్నెకు ఎక్కువ తీసిపెట్టుకోవద్దన్నాడు. నడక ఎక్కువవుతుందని ఒకతను గొణిగాడు.

"అవును, అయితాది. నువ్వు వండిన కూర రుచి యాడుంటాది? గుండిగలో ఉంటే ఏం లాభం? ఆకులోకి వచ్చినప్పుడు ఎట్లుందో అదే నీ వంట. నడుచు."

ఆ మాట నేను తర్వాత నలభై ఏళ్లు బళ్లో వాడుకున్నాను. నాకు తెలిసిన పాఠం నా దగ్గర ఉంటే లాభం లేదు, పిల్లవాడి దాకా చేరినప్పుడు ఎలా ఉందో అదే నా పాఠం. తప్పు చేసిన పిల్లవాణ్ణి తరగతి ముందు నిలబెట్టడం కూడా ఆ ఏడే మానేశాను. పూర్తిగా మానలేదు. చాలావరకు మానేశాను.

అలా నాలుగైదు పెళ్లిళ్లకు వెళ్లాను. నాకు అందరికంటే చివర భోజనం పెట్టేవారు. మొదట్లో ఇదీ ఒక అవమానమే అనుకున్నాను. తర్వాత చూస్తే నా తర్వాత వంటాయన ఒక్కడే తినేవాడు. కొన్నిసార్లు ఆయనకు చారు మాత్రమే మిగిలేది.

ఇంట్లో మాత్రం ఏదీ మారలేదు. నా భార్యకు ఆరో నెల వచ్చింది. రాత్రి నడుం నొప్పితో లేచి కూర్చునేది. పక్కింటి అవ్వ నన్ను చూసినప్పుడల్లా, "ఏమప్పా, బిడ్డను పుట్టింటికి ఎప్పుడు పంపిస్తావు, అది కనే దాకా నీ పంతం ఇడవవా?" అనేది. మంత్రసాని ఒకామె ఉందని విని వెళ్లి చూశాను. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పలేదు. అయినా నేను మొదట వెళ్లే మాటే లేదు. వాళ్లు నన్ను పిలవాలి, తప్పయిందనాలి. న్యాయం నా వైపు ఉందని నాకు అనుమానం లేదు.

ఆ నెలలోనే పెనుకొండలో ఒక ఇంట్లో భోజనాలు. రెండో బంతి ఎంతకీ లేవడం లేదు. అందరి ఆకులూ దాదాపు ఖాళీ. మూడో బంతివాళ్లు బయట నిలబడి ఉన్నారు. ఇది వడ్డన ఆలస్యమని రాసుకుని, పొయ్యి దగ్గరికి వెళ్లి చెప్పాను. కేక వేయలేదు, అంతవరకు నేర్చుకున్నాను.

వంటాయన తొంగి చూసి, "అది తప్పు గాదు అయివారూ. మళ్లా చూడండి" అన్నాడు.

చూశాను. తల దగ్గర ఒక ముసలాయన మజ్జిగన్నం తింటున్నాడు. పళ్లు లేవు. ఒక్కొక్క ముద్ద నోట్లో తిప్పుకుంటూ మింగుతున్నాడు. ఆయన ఆకులో ఇంకా చాలా ఉంది. మిగిలినవాళ్లందరూ తినడం అయిపోయినవాళ్లే. కానీ ఒక్కరి ఆకూ పూర్తిగా ఖాళీ లేదు. ఒకతను నాలుగు మెతుకులను వేలితో ఇటూ అటూ జరుపుతున్నాడు. ఒకతను పచ్చడి మళ్లీ వేయించుకుని ముట్టకుండా కూర్చున్నాడు. ఇద్దరు వానల గురించి నిదానంగా మాట్లాడుకుంటున్నారు. ముసలాయన మధ్యలో ఒకసారి తల ఎత్తి వరుసంతా చూశాడు. అందరూ తింటూనే కనిపించారు. ధైర్యంగా మళ్లీ ఆకు మీదికి వంగాడు.

ఎవరూ వాళ్లకు చెప్పలేదు. ఎవరూ ఎవరి వైపూ చూసుకోలేదు. నా కాగితంలో దీన్ని ఏ వరుసలో రాయాలో తెలియలేదు.

వంటాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను అడిగాను.

"ఆ రోజు ధర్మవరంలో, తల దగ్గర కూర్చున్న పెద్దాయన ఎంతవరకు తిన్నాడు?"

అడిగాను కాబట్టి చెప్పాడు.

"పాలడిగి పోయించుకున్నాడు. పళ్లు లేవు గదా, అందులో ఓళిగ నానేసుకున్నాడు. నానేదానికి కొంచెం సేపు పడతాది గదా."

అంతే. నానకముందే నేను లేచాను.

ఇంటికి వెళ్లి, రేపు పొద్దుటి బండికి ధర్మవరం వెళదామన్నాను. నా భార్య నా ముఖం చూసి, "పిలిచినారా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె ఇంకేమీ అడక్కుండా మూట కట్టుకుంది.

మేము వెళ్లేసరికి మామగారు మగ్గం గుంతలో ఉన్నారు. పడుగులో ఇటూ అటూ ఆడుతున్న నాడె ఆగింది. "రా అప్పా" అన్నారు. "బండి సమయానికే వచ్చిందా?" అన్నారు. అత్తగారు కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోబోతే ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. నేను నిలబడే చెప్పాను.

"మామా, ఒక బంతి వేయండి. ఆ రోజు నా వల్ల లేచినవాళ్లను పిలవండి. నేను వడ్డిస్తాను."

గడప దగ్గర నుంచి నా భార్య అంది: "వడ్డించేది గాదు. కూచ్చోవాల."

మామగారు నాడె పక్కన పెట్టి గుంతలోంచి లేచారు. "పిలుస్తా. బియ్యం లేవప్పా. సంగటైతే పెట్టొచ్చు" అన్నారు.

మరునాడు మధ్యాహ్నం అదే వీధిలో చాపలు పరిచారు. పెళ్లి బంతిలో సగం మందే వచ్చారు. కొందరు పనుల మీద ఊరు దాటి పోయారు. నన్ను ఎగతాళి చేసిన మనిషి బళ్లారి వైపు పోయాడట. అతను నాకు తప్పయిందని ఈనాటి వరకూ చెప్పలేదు. వచ్చినవాళ్లలో ఒకతను చాప మీద కూర్చుంటూ పక్కవాడితో అన్నాడు: "ఏమబ్బా, ఇంటికాడ తినొచ్చినావా? నేను ముందుజాగ్రత్తగా రెండు ముద్దలు తినే వచ్చినా." నాకు వినపడాలనే అన్నాడు. వినపడింది. నేను వంగి ఆకు కడుక్కున్నాను.

నన్ను తల దగ్గర, పెద్దాయన పక్కనే కూర్చోబెట్టారు. రాగిసంగటి, ఆకుకూర పప్పు. మా బావమరిది భార్య, ఆ కొత్త పెళ్లికూతురు, సంగటి ముద్దలు వడ్డించింది. అందరికీ ఒక్కొక్కటి. నా దగ్గరికి వచ్చేసరికి రెండు ముద్దలంత ఒకే ముద్ద వేసింది. తక్కువైందని మళ్లీ లేస్తానేమోనని ఎవరో ఆమెకు చెప్పి ఉండాలి. ఇది కూడా ఒక రకం అవమానమే. ఆకులో మిగల్చడం ఇంకా పెద్ద తప్పు. కాబట్టి తినడం మొదలుపెట్టాను.

పెద్దాయన కోసం నేను నిదానించాలని ముందే నిర్ణయించుకుని కూర్చున్నాను. సంగటికి పళ్లతో పనిలేదన్న సంగతి నాకు తోచలేదు. ఎనభై ఏళ్లుగా సంగటి తిన్న మనిషి ఆయన. పప్పులో అద్ది, గుటుక్కున మింగి, అందరికంటే ముందే పూర్తి చేశాడు. మిగిలినవాళ్లూ అయిపోవచ్చారు. నా ఆకులో ఇంకా సగం ముద్ద ఉంది.

తల దించుకుని తింటున్నాను. చుట్టూ మాటలు నిదానించాయి. ఎవరో పప్పు కొంచెం వేయమ్మా అన్నారు. ఎవరో మగ్గం గురించి ఏదో అడిగారు, ఇంకెవరో పొడుగ్గా జవాబు చెప్పారు. నేను ఓరగా పక్క ఆకు వైపు చూశాను. పెద్దాయన చిక్కుడు గింజంత సంగటి ఆకులో మిగుల్చుకుని, దాన్ని రెండు వేళ్ల మధ్య గుండ్రంగా చేస్తున్నాడు. చేసి, అణిచి, మళ్లీ గుండ్రంగా చేస్తున్నాడు. వరుసలో ఏ ఆకూ పూర్తిగా ఖాళీ కాలేదు. నన్ను నమ్మలేక ఇంట్లో తిని వచ్చానన్న మనిషి కూడా చివరి ముద్దను పప్పులో ఊరికే తిప్పుతున్నాడు.

"నిదానంగా తిను నాయనా. మాకేం పనుండాది" అన్నాడు పెద్దాయన. నా వైపు చూడకుండానే.

ఆ రోజు నేను ఏమి అనుకున్నానో సరిగ్గా రాయలేను. ఎప్పుడూ వరుసలో నన్ను ఎవరు దాటిపోయారో చూసుకుంటూ వచ్చినవాణ్ణి. నా కోసం ఎంతమంది ఆగి ఉన్నారో లెక్క పెట్టుకోలేదు. ఆ ఇరవై మందికీ నేను తప్పు చేశాను. నా మీద కోపం చూపించుకోవడానికి అంతకంటే మంచి సమయం వాళ్లకు దొరకదు. వాళ్లు ఆ సమయాన్ని నేను ఒంటరిగా మిగిలిపోకుండా చూడటానికి వాడారు. ఇందులో ఎవరికీ శ్రమ కనపడలేదు. అంత బాగా చేసిన పనిని నేను ఆ తర్వాత ఎక్కడా చూడలేదు.

నా ఆకు ఖాళీ అయింది. పెద్దాయన వేళ్ల మధ్య ఉన్నది నోట్లో వేసుకుని, ఈసారి నా భుజం పట్టుకుని లేచాడు. అందరం లేచాం. నేను చెంబు తీసుకుని ఆయన చేతి మీద నీళ్లు పోశాను. ఆయన కడుక్కుని, తడి చేతిని నా తల మీద ఒకసారి పెట్టి, వీధి చివరి ఇంటికి నడిచి వెళ్లిపోయాడు.

లోపలికి వెళ్లేసరికి నా భార్య గడప దాటి నడింట్లో ఉంది. మూట విప్పి చీరలు దండెం మీద వేస్తోంది. నన్ను చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"పప్పు ఎట్లుండె?"

"బాగుంది."

"ఉప్పెక్కువైంది. మా వదిన భయపడి రెండుసార్లేసింది. నీకు తెలీలేదా?"

"బాగుంది" అన్నాను మళ్లీ.

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. "సాయంత్రం బండికి పో. రేపు బడుండాది గదా. తలుపు గడియ సరిగా పడదు, రాయి అడ్డం పెట్టుకో" అంది.

ఆ తర్వాత మూడు నెలలకు ధర్మవరంలో మా పెద్దకూతురు పుట్టింది. కాన్పు కష్టమైంది. రెండు రోజులు పట్టింది. మా అత్తగారూ, ఆ వీధి ఆడవాళ్లు నలుగురూ పక్కనే ఉన్నారు. పెనుకొండలో చూపు ఆనని ఆ మంత్రసానితో అయితే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ ధైర్యం చాలదు. పప్పులో ఉప్పు ఎక్కువైన మాట నిజం. చాలా ఎక్కువైంది.